సావిత్రి కథయు, ఉద్దానపు లెక్కయు

ఉద్దానమున నొక యింటి యజమానుని మూత్రపిండములు చెడిపోయినచో, ఊరివారు అతని భార్యను సావిత్రి యని పొగడుదురు. ఆ పొగడ్తకంటె చౌకయైన సాయము మఱియొకటి లేదు.

డయాలిసిసు ఉచితమే, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకము దానిని భరించుచున్నది. 2023 డిసెంబరులో పలాసయందు పరిశోధనకేంద్రముతో గూడిన 200 పడకల ఆసుపత్రియు తెఱువబడినది. మంచిదే. కాని రోగి సాధారణముగా వారమునకు మూడుమారులు, మారునకు నాలుగేసి గంటలు యంత్రముకడ నుండవలయును. వెంట భార్య పోవును. జీడిపిక్కల పనిలో ఆమెకు వచ్చు కూలి ఆ మూడుదినములును పోవును. నెలకు 10,000 రూపాయల పింఛను రోగిపేరిటిది. తోడుండునామె శ్రమకు ఏ చిట్టాలోను పద్దు లేదు.

"అది భార్యకు ధర్మము గదా" యందురు కొందఱు. అట్లైన, భార్యయే జబ్బుపడినపుడు "పుట్టింటికి పంపుడు" అను మాట మన యిండ్లలో నేల పుట్టుచున్నది? సావిత్రికొఱకు యమునితో వాదించిన సత్యవంతుని కథ మనకు లేదేల? దాంపత్యధర్మము ఇరువురిదిగాని యొకరిది గాదు.

ఈ వ్యాధికి కారణ మింకను నిశ్చయముగా తేలలేదు. ఆ యిండ్లలోని అప్పునకు కారణము మాత్రము తేటతెల్లము. కావున తోడుపోవువారికి దినభత్యమీయవలెనని ప్రభుత్వము నడుగుదము. అది వచ్చుదాక కొడుకును, మఱదియు, పొరుగువాడును వంతులు వేసికొని రోగివెంట పోవలయును. చదువరులారా, ఆమెను పొగడుట చాలించి, ఒక్క దినము ఆమెకు సెలవిండు.