పిందెల లెక్క

మామిడితోటను పూతమీదే గుత్తకు తీసుకునే వర్తకుణ్ణి మీరు చూసే వుంటారు. చెట్టుకింద నిలబడి, తల పైకెత్తి, ఏ కొమ్మ ఎన్ని కాయలు దింపుతుందో మనసులోనే లెక్కగట్టి బయానా చేతిలో పెడతాడు. తరవాత గాలివాన రావచ్చు, మంచు కురవచ్చు, పురుగు పట్టవచ్చు. అయినా అతని లెక్క అతనిదే. అమెరికాలో బేస్‌బాల్ ఆట చుట్టూ ఇటువంటి వ్యవహారమే ఒకటి నడుస్తోంది. కాకపోతే అక్కడి పూత మామిడిపూత కాదు. పద్ధెనిమిదీ పంతొమ్మిదేళ్ళ కుర్రవాళ్ళు.

బేస్‌బాల్ మన క్రికెట్టుకు దాయాది వంటిది. దానిలో పెద్ద జట్లు 30. ఒక్కొక్క పెద్ద జట్టుకింద నాలుగేసి చొప్పున 2021 నుంచి 120 చిన్న జట్లు వున్నాయి. అంతకుముందు 160 వుండేవి. సింగిల్ ఎ, హై ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అని ఇవి నాలుగు మెట్లు. కుర్రవాడు కిందినుంచి ఒక్కొక్క మెట్టే ఎక్కిరావాలి. 1920 తరవాతి సంవత్సరాలలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టును నడిపిన బ్రాంచ్ రికీ ఈ ఏర్పాటుకు ఆద్యుడు. పండిన కాయను సంతలో కొనడం కన్న మొక్కనాటి పెంచుకోవడమే చవక అని ఆయన ఎత్తు. అందుకే అక్కడివారు దీన్ని ‘ఫారం’ పద్ధతి అంటారు. పేరులోనే సేద్యం వుంది చూశారా!

సరే, పొలం అన్నాక పంట అంచనా వుండాలి గదా. దానికే ర్యాంకులు. ‘బేస్‌బాల్ అమెరికా’ అనే పత్రిక 1990 నుంచి ఏటేటా నూరుమంది కుర్రవాళ్ళను వరసపెట్టి ప్రకటిస్తోంది. ఇదిగాక జట్టుకు 30 మంది చొప్పున వేరే జాబితాలు. కొట్టడంలో నేర్పు, దెబ్బలో బలం, పరుగు, బంతి పట్టడం, విసరడం అనే ఐదింటికీ మార్కులు వేస్తారు. ఆ మార్కులు సున్నా నుంచి నూరుదాకా కాదు, 20 నుంచి 80 దాకా. 50 వస్తే పెద్ద జట్టులో సాధారణ ఆటగాడికి సరితూగుతాడని అర్థం. 80 వచ్చినవాణ్ణి చూడ్డానికి జనం పొరుగూరి నుంచి కూడా వస్తారు.

ఈ లెక్కల్లో తమాషా ఏమిటంటే, ఎన్ని పరుగులు చేశాడన్నదాని కన్న, ఏ వయసులో ఏ మెట్టుమీద చేశాడన్నదే ముఖ్యం. డబుల్ ఎ మెట్టుమీద పాతికేళ్ళవాడు బాగా ఆడితే “సరేలే” అంటారు. అదే మెట్టుమీద ఇరవై నిండనివాడు ఓ మోస్తరుగా ఆడినా కళ్ళింత చేసుకుని చూస్తారు. నిన్నటి ఆటకు మార్కులు కావివి, రేపటి ఆటకు!

టెక్సాసులోని ఫ్రిస్కో మన తెలుగువారికి కొత్త ఊరు కాదు. అక్కడ స్థిరపడ్డ అమ్మాయినో అల్లుణ్ణో చూసి వచ్చిన తల్లిదండ్రులు మన వీధికొకరైనా వుంటారు. ఆ ఊళ్ళోనే టెక్సాస్ రేంజర్స్ వారి డబుల్ ఎ జట్టు, రఫ్ రైడర్స్, ఆడుతుంది. పెద్ద జట్టు వుండే ఆర్లింగ్టన్ అక్కడికి కారులో ఇంచుమించు గంట. ఆ గంట దూరం దాటడానికి కుర్రవాళ్ళకు ఏళ్ళు పడుతుంది. కొందరికి జన్మలో దాటడం పడదు.

2023లో ఫ్రిస్కోలో ఎవాన్ కార్టర్ అని ఒకడు ఆడేవాడు. 2020లో, మహమ్మారి మూలాన కుర్రవాళ్ళ ఎంపికను ఐదు రౌండ్లకు కుదించిన ఏడు, రేంజర్స్ వారు అతన్ని రెండో రౌండులోనే, 50వ వాడుగా తీసుకున్నారు. అంతకుముందు ‘బేస్‌బాల్ అమెరికా’ వేసిన 500 మంది జాబితాలో అతని పేరే లేదు! “ఎవడీ కుర్రవాడు?” అన్నారు జనం. మూడేళ్ళు గడిచాయి. 2023 సెప్టెంబరులో పెద్ద జట్టు అతన్ని పిలిచింది. ఆ ఏటి ముగింపు పోటీలలో 9 ‘డబుల్స్’ కొట్టి, ఒక్క ఏడాదిలో ఎవరూ కొట్టనన్ని కొట్టాడు. రేంజర్స్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. మరుసటి ఏడు జాబితాలో అతను మొదటి పదిమందిలో వున్నాడు. కథ కంచికి వెళ్ళిందనుకున్నారా? 2024లో నడుంనొప్పి అతన్ని చాలాభాగం కూర్చోబెట్టింది. 2025 మొదట్లో మళ్ళీ ట్రిపుల్ ఎ మెట్టుకు పంపారు.

అదే 2023లో ఫ్రిస్కోలోనే ఆడుతున్న మరొక కుర్రవాడు లూయిసాంహెల్ అకూన్యా. అతనికీ మంచి ర్యాంకే. ఆ ర్యాంకే అతన్ని ఊరు దాటించింది. జూలైలో రేంజర్స్ వారికి మాక్స్ షెర్జర్ అనే పేరుమోసిన బౌలరు కావలసివచ్చాడు. న్యూయార్క్ మెట్స్ వారు అతనికి బదులుగా ఈ కుర్రవాణ్ణి అడిగి పుచ్చుకున్నారు. ర్యాంకు అంటే కీర్తి ఒక్కటే కాదు, ధర కూడాను.

ఇక ఆ ధర ఎంత తలకిందులు కాగలదో చూడండి. బ్రయెన్ టేలర్‌ను 1991లో న్యూయార్క్ యాంకీస్ అందరికన్న ముందు ఎంచుకుని 15 లక్షల 50 వేల డాలర్లిచ్చింది. 1992 జాబితాలో అతనిదే ఒకటో స్థానం. 1993 డిసెంబరులో అన్నను వెనకేసుకొచ్చిన ఒక కొట్లాటలో భుజం దెబ్బతింది. పెద్ద జట్టులో ఒక్క ఆటైనా ఆడకుండానే అతని ఆట ముగిసింది. మరోపక్క మైక్ పియాజా 1988లో 62వ రౌండులో, 1390వ వాడుగా తీసుకోబడ్డాడు. అదైనా తండ్రి స్నేహితుడు టామీ లసోర్డా మాటసాయం వల్ల. అతను 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. కొన్ని పువ్వులు 1389 పువ్వుల తరవాత పరిమళిస్తాయి కాబోలు!

ర్యాంకుల మాట ఎత్తగానే మన ఇళ్ళల్లో ఏ మాట గుర్తుకొస్తుందో చెప్పనక్కర లేదు. ఫలితాల రోజున టెలివిజనులో “ఒకటి, ఒకటి, రెండు, మూడు” అని గుక్కతిప్పుకోకుండా చదివే ప్రకటనలు మనకు కంఠతా వచ్చు. అయితే ఆ జాబితాకూ మన జాబితాకూ ఒక తేడా వుంది. బేస్‌బాల్ జాబితా ఏటా చెరిపి మళ్ళీ రాస్తారు. పదేళ్ళనాటి జాబితాను బయటికి తీసి, ఎక్కడ పొరబడ్డామో తామే అచ్చువేసుకుంటారు. ప్రతి పేరుకింద కుర్రవాడికి ఏది వచ్చో, ఏది రాదో, ఎప్పటికి పైకి రాగలడో ఒక పేరా రాస్తారు. తెలిసిన అభిమాని అంకె చూసి వూరుకోడు, పేరా చదువుతాడు. మనం మాత్రం పిల్లవాడికి పదిహేడో ఏట వచ్చిన అంకెను వాడి పెళ్ళిచూపులదాకా మోయిస్తాం. దానికింద పేరా రాసే తీరిక మనకెక్కడిది?

ఇంకొక్క సంగతి. ఒక్కొక్క పెద్ద జట్టు చేతికింద నూటయాభైమందికి పైగా చిన్న ఆటగాళ్ళు వుంటారు. జాబితాలో చోటు 30 మందికే. తక్కినవారికి అంకె లేదు. సింగిల్ ఎ మెట్టుమీద 2022లో ఏడాదికి ఇంచుమించు 11,000 డాలర్లు ముట్టేవి. ఆటగాళ్ళు సంఘంలో చేరి బేరమాడాక, 2023లో అది 26,200 అయింది. పెద్ద జట్టులో కనీస జీతం ఆ ఏడు 7,20,000! ఈ అంకె లేని వాళ్ళు లేకపోతే ఆటే లేదు. ఒకటో ర్యాంకు కుర్రవాడు బాట్ పట్టుకుని నిలబడితే, అతనికి బంతి విసరడానికి ఎదురుగా ఇంకొకడు కావాలి గదా.

ఈసారి ఫ్రిస్కో వెళ్ళినప్పుడు మనవణ్ణి వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఆ ఆటకు వెళ్ళండి. జాబితా జేబులోనే వుండనివ్వండి. ఎవడు బాగా ఆడుతున్నాడో మనవణ్ణే అడగండి.