బొమ్మలో ఊరు
— బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి

మా హాస్టలు గదిలో ఒక క్యాలెండరు ఉంది. దాని మీద నార్వే దేశపు పల్లె బొమ్మ. కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ (ఫియర్డు అంటారు కదా), ఒడ్డున కర్ర ఇళ్ళు, ఎర్రరంగు కొట్టం, ఇళ్ళ కప్పుల మీద పచ్చగా మొలిచిన గడ్డి. మా రూమ్మేటు దాన్ని చూసినప్పుడల్లా "పల్లెంటే అదిరా! చందమామ కథలో ఊరులా లేదూ? మన ఊళ్ళూ ఉన్నాయి, ఎందుకూ!" అంటాడు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

సంక్రాంతి ముందు మా నాన్న నన్ను చూడటానికి వచ్చాడు. ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, ఒక చిన్న పాకను వేలితో చూపించి, "ఈ మెట్లకీ గుమ్మానికీ మధ్య సందొదిలారేం? ఎలుకలకేనా?" అని అడిగాడు. ఏడాదిగా చూస్తున్న నాకు ఆ సందే కనబడలేదు! సిగ్గేసింది.

లైబ్రరీలో వెతికాను. నాన్న చెప్పిందే నిజం. ఆ పాకను స్టాబ్బూర్ అంటారు. ధాన్యం, ఎండబెట్టిన మాంసం దాచుకునే కొట్టు. పొట్టి స్తంభాల మీద ఎత్తి కడతారు. కింద గాలి ఆడుతుంది, ఎలుకలు ఎక్కలేవు. మెట్లను గుమ్మానికి ఆనించకపోవడం కూడా అందుకే. కప్పు మీద గడ్డి సంగతీ అంతే. నీటిని ఆపేది గడ్డి కాదు, దాని కింద పొరలు పొరలుగా పరిచిన భూర్జచెట్టు బెరడు. ఆ బెరడు లేచిపోకుండా బరువుకోసం మట్టిపెళ్ళలు, మట్టి జారిపోకుండా గడ్డి వేళ్ళు. పైగా మట్టి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. ఎరుపు రంగంటారా, ఆ రోజుల్లో తెలుపుకంటే అదే చవక. అందం కోసమని అక్కడ ఒక్క పరకా లేదు.

మరి ఈ కథల ఊరి సోకు ఎక్కణ్ణుంచి వచ్చింది? చాలావరకు పట్నం కళాకారుల చలవే అని నా అభిప్రాయం. 1848లో టీడెమాన్, గూడె అనే ఇద్దరు చిత్రకారులు కలిసి హార్డాంగర్ ఫియర్డులో పడవ మీద పెళ్ళివారు వెళ్ళే బొమ్మ వేశారు. ఎంత బాగుంటుందో! కాని ఇతరుల భూమిలో గుడిసె వేసుకుని, అందుకు బదులు చాకిరీ చేసిన హుస్మన్ల బతుకు ఆ బొమ్మలో వెతికినా దొరకదు. ఆ దేశంలో సాగుకు పనికొచ్చే నేల నూటికి మూడు వంతులే. 1825 మొదలు సుమారు నూరేళ్ళలో 8 లక్షల మంది ఊళ్ళు విడిచిపోయారు, ఎక్కువమంది అమెరికాకే. 1801 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఉన్నది 8.8 లక్షల మంది!

ఆండెర్స్ సాండ్విగ్ అనే పళ్ళ డాక్టరు లిల్లెహామర్‌లో పాత ఇళ్ళు కొని, దుంగలు విప్పి తెచ్చి, మళ్ళీ నిలబెట్టాడు. ఈనాటి మైహౌగెన్ మ్యూజియం అదే. మంచి పనే చేశాడు. కాదనను. లేకపోతే నాలాంటివాడికి ఆ సందు సంగతి చెప్పేవాళ్ళెవరు? అయితే ఇల్లు విప్పి తేవచ్చుగాని, అందులోంచి వెళ్ళిపోయినవాళ్ళను తేలేం కదా.

పండక్కి ఇంటికెళ్ళి ఇదంతా నాన్నకు చెప్పాను. ఎలుకల మాట నిజమైనందుకు నవ్వాడు. "అది సరే, అక్కడ ఎకరానికి ఎన్ని బస్తాలవుతాయిరా?" అన్నాడు.

ఇంకా వెతుకుతున్నాను.