జత కలపడమే కాదు, విడదీయడమూ తెలియాలి

కిందటి వారం మిక్సీ జార్ల సంగతి చెప్పుకున్నాం. ఈ వారం ఇంటింటా కనబడుతున్న ఇంకో వస్తువు గురించి - వైరు లేని హెడ్‌ఫోన్. పండక్కి అబ్బాయో, పెళ్ళిరోజుకి శ్రీవారో కొనిచ్చింది డబ్బాలోంచి తీసి, రెండు రోజులు ముచ్చటగా విని, మూడో రోజు "ఇది నా ఫోనుకి కలవట్లేదు" అంటూ బీరువాలో పడేసినవాళ్ళు మనలో తక్కువమందేం కాదు. కాలేజీ నుంచి పిల్లలొచ్చి కలిపి పెడితే పాట, లేకపోతే లేదు. పొద్దున లేచింది మొదలు ఇంటెడు చాకిరీ చేసుకున్నాక మనకంటూ దొరికేది ఓ అరగంట. ఆ అరగంటలో వినే పాటకో, ప్రవచనానికో కూడా ఇంకొకరి దయ కోసం ఎదురుచూడాలా? అక్కర్లేదు. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. మిషను సూదిలో దారం ఎక్కించడం కన్నా తేలికే.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. 'పెయిరింగ్' వేరు, 'కనెక్ట్' అవడం వేరు. పెయిరింగ్ అంటే పరిచయం. అది ఒక్కసారే. ఆ పరిచయమప్పుడు ఫోనూ, హెడ్‌ఫోనూ తమ ఇద్దరికే తెలిసిన ఒక రహస్య సంకేతం కుదుర్చుకుని, రెండూ దాన్ని దాచుకుంటాయి. కనెక్ట్ అవడం అంటే రోజువారీ పలకరింపు. మర్నాడు హెడ్‌ఫోన్ ఆన్ చెయ్యగానే ఆ పాత పరిచయాన్ని బట్టి దానంతటదే వచ్చి కలుస్తుంది. మనకొచ్చే చిక్కుల్లో ముప్పాతిక వంతు ఈ జ్ఞాపకం వల్ల వచ్చేవే. వస్తువు పాడవలేదు, ఇంకెవర్నో గుర్తుపెట్టుకుని అటు వెళ్ళిపోయింది, అంతే.

పరిచయం చేసే పద్ధతి చెప్తాను. హెడ్‌ఫోన్‌ని ముందు ఛార్జింగ్ పెట్టండి. ఛార్జింగ్ చాలకపోతే సగంలో ఆరిపోయి మనల్ని తికమక పెడుతుంది. తరవాత దాన్ని ఆన్ చేసే బటన్ ఉంటుంది చూడండి, దాన్ని నొక్కి వదిలెయ్యకుండా అయిదారు సెకన్లు అలాగే నొక్కి పట్టుకోవాలి. చాలామంది తప్పటడుగు ఇక్కడే. ఒక్కసారి నొక్కి వదిలేస్తే ఆన్ అవుతుందే గానీ కొత్తవాళ్ళతో పరిచయానికి సిద్ధపడదు. ఎర్ర దీపం, నీలం దీపం మార్చి మార్చి మిణుకుమంటే సిద్ధమైనట్టు. కొన్నిట్లో లోపలి నుంచి ఇంగ్లీషులో 'పెయిరింగ్' అని గొంతు కూడా వినిపిస్తుంది. చెవిలో పెట్టుకునే చిన్న గుండీల్లాంటివైతే వాటి డబ్బీ మూత తీసి, డబ్బీకి ఉన్న బటన్ నొక్కి పట్టుకోవాలి. బటనే లేని రకాలు మూత తియ్యగానే సిద్ధమవుతాయి. మీది ఏ రకమో దానితో వచ్చిన చిన్న కాగితం చెప్తుంది. ఆ కాగితం పారెయ్యకండి, గ్యాస్ పుస్తకంలో దాచండి.

ఇప్పుడు ఫోన్లో సెట్టింగ్స్ తెరిచి బ్లూటూత్ ఆన్ చేసి, 'పెయిర్ న్యూ డివైస్' అన్న చోట వేలు పెట్టండి. చుట్టుపక్కల ఉన్నవాటి పేర్లు వరసగా వస్తాయి. మన హెడ్‌ఫోన్ పేరు, అంటే డబ్బా మీద ఉన్న పేరు, కనిపించగానే దాన్ని తాకితే 'పెయిర్ చెయ్యనా?' అని అడుగుతుంది. సరే అనండి. పాత రకాలు కొన్ని నాలుగంకెల నంబరు అడుగుతాయి. సాధారణంగా నాలుగు సున్నాలు కొడితే సరిపోతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి పక్క ఫ్లాటు వాళ్ళ టీవీలూ, స్పీకర్లూ కూడా ఆ వరసలో కనిపిస్తాయి. ఏదో ఒకటి నొక్కేద్దాం అనుకోవద్దు. అలాగే, మీరేమీ చెయ్యకుండా కూచున్నప్పుడు ఎవరిదో తెలియని వస్తువు 'పెయిర్ చెయ్యనా' అని మీ ఫోన్ని అడిగితే వద్దు అని కొట్టెయ్యండి.

కలిశాక ఆ పేరు పక్కనున్న చక్రం గుర్తులోకి వెళ్ళి పేరు మార్చుకోవచ్చు. అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఆ కంపెనీ పేరు బదులు 'అమ్మది' అనో 'వంటిల్లు' అనో పెట్టుకోండి. ఇంట్లో ఒకే రకంవి రెండు మూడు ఉన్నప్పుడు ఈ పేరే ఆదుకుంటుంది. అయితే ఆ పేరు మీ ఫోన్లో మాత్రమే కనిపిస్తుంది, మీ అబ్బాయి ఫోన్లో పాత పేరే ఉంటుంది.

ఈ బ్లూటూత్ అన్న పేరేమిటి, నీలం పన్నేమిటి అని మా అత్తగారు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పదో శతాబ్దంలో డెన్మార్కుని ఏలిన హెరాల్డ్ అనే రాజుకి ఆ బిరుదు ఉండేది. విడివిడిగా ఉన్నవాళ్ళని ఒక్కటి చేశాడని పేరు. 1997లో ఇంటెల్ కంపెనీ ఇంజనీరు జిమ్ కార్డాక్ ఈ పేరు సూచించాడు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కలిసి ఒక సంఘం పెట్టుకున్నాక తాత్కాలికం అనుకున్న పేరే స్థిరపడిపోయింది. ఫోన్లో మనం చూసే ఆ కోణాల గుర్తు ఆ రాజు పేరులోని రెండు పాతకాలపు అక్షరాలని కలిపి గీసినదే.

సరే, అసలు సంగతికి వద్దాం. నిన్నటి దాకా చక్కగా పలికిన హెడ్‌ఫోన్ ఇవాళ మీ ఫోన్లో కనపడట్లేదా? ఇంట్లో ఇంకెవరి ఫోనుకో, లాప్‌టాప్‌కో అది ఇంతకుముందు జతయ్యి ఉందేమో చూడండి. అబ్బాయి ఒక్కసారి తన ఫోనుకి కలుపుకుని విని ఉంటే చాలు. అది ఆన్ అవగానే ఆఖరున ఎవరితో ఉందో వాళ్ళనే వెతుక్కుంటూ పోతుంది. అబ్బాయి పక్క గదిలో చదువుకుంటూ ఉంటాడు, వాడికీ తెలీదు. ఆ ఫోన్లో బ్లూటూత్ ఆపించి, మీ ఫోన్లో హెడ్‌ఫోన్ పేరు తాకితే వచ్చేస్తుంది. రోజూ ఇదే తంతు అయితే వాడి ఫోన్లో చక్రం గుర్తు నొక్కి 'ఫర్గెట్' అన్నది ఎంచుకోవాలి. అంటే మర్చిపో అని చెప్పడం. మర్చిపొమ్మన్న చోట ఇక దానంతటది వెళ్ళదు, మళ్ళీ పరిచయం మొదటి నుంచి చెయ్యాల్సిందే. ఒకేసారి రెండిటితో కలిసి ఉండే రకాలు కూడా ఉన్నాయి. ఫోనూ, లాప్‌టాప్ రెండూ వాడేవాళ్ళకి అవి బాగుంటాయి గానీ మనలాంటి ఇళ్ళలో తగువులకి మూలం.

చెవి గుండీల్లో ఒకటే పలికి రెండోది మూగబోతే కంగారు పడకండి. చాలాసార్లు ఆ రెండిటికీ మధ్యే సంబంధం తెగి ఉంటుంది. ఫోన్లో 'ఫర్గెట్' చేసి, రెండిటినీ డబ్బీలో పెట్టి, కాగితంలో రాసిన ప్రకారం 'రీసెట్' చేసి మళ్ళీ కలపండి. కొట్టు దాకా వెళ్ళకుండానే బాగవుతుంది.

ఇక నేను ఈ వారం ఈ విషయమే ఎందుకు ఎత్తుకున్నానో చెప్పాలి. మాకు తెలిసిన ఒకావిడ వంటింట్లో దోసెలు పోస్తూండగా వాళ్ళమ్మగారి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ముందు రోజు సాయంత్రం పిల్లలు ఆవిడ ఫోనునే హాల్లో స్పీకరుకి కలిపి పాటలు పెట్టుకున్నారు, ఆ స్పీకరు ఆన్‌లోనే ఉంది. ఈవిడ ఫోనెత్తి "చెప్పమ్మా" అంది. అటు వాళ్ళమ్మగారు చెల్లెలి పెళ్ళికి తెచ్చిన అప్పూ, అల్లుడు తన ఫోను ఎత్తకపోవడం, అన్నీ కష్టం కొద్దీ చెప్పుకుంటూ పోయింది. అదంతా హాల్లో మావగారూ, ఆడపడుచూ, వచ్చిన చుట్టాలూ కూచుని ఉండగా స్పీకర్లో వినబడింది. ఫోన్లోంచి మాట రావట్లేదే అని ఈవిడ "హలో హలో" అంటూనే ఉంది. ఆ తరవాత ఆ ఇంట్లో ఎన్నాళ్ళు ఏం నడిచిందో మీరు ఊహించుకోగలరు. తల్లీకూతుళ్ళ మాటకి ఇంట్లో ఉన్న చాటు కాస్తా పోయింది.

ఇలా జరక్కుండా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక చక్కని ఏర్పాటుంది. బ్లూటూత్ పేర్లలో హాలు స్పీకరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే 'ఫోన్ కాల్స్' అనీ, 'మీడియా ఆడియో' అనీ విడివిడిగా కనిపిస్తాయి. ఫోన్ కాల్స్ అన్నది ఆపెయ్యండి. పాటలు స్పీకర్లో వస్తాయి, మాటలు మాత్రం మీ చెవికే వస్తాయి. ఈలోపు ఎప్పుడైనా ఫోన్ ఎత్తగానే మాట వినపడకపోతే, అవతలివాళ్ళని మాట్లాడనివ్వకుండా "ఒక్క నిమిషం" అని, తెర మీద స్పీకరు బొమ్మని తాకండి. మాట ఎటు పోతోందో అక్కడ పేరుతో సహా కనిపిస్తుంది. ఫోన్ అన్నదాన్ని ఎంచుకుంటే తిరిగి మన చేతిలోకి వస్తుంది.

కార్ల విషయంలోనూ ఈ జాగ్రత్త కావాలి. అద్దె కారులో తిరుపతో, అన్నవరమో వెళ్తూ భక్తిపాటలు పెట్టమని మన ఫోన్ని కారు సెట్టుకి కలుపుతాం. కలిపేటప్పుడు 'మీ ఫోన్లోని నంబర్లూ, కాల్స్ వివరాలూ చూడనివ్వమంటారా' అని అడుగుతుంది. అక్కడ టిక్కు పెట్టకండి. పాటకి మన చుట్టాల నంబర్లతో పనేముంది? దిగేటప్పుడు కారు తెర మీద మన ఫోన్ పేరు తీసేయించి, ఫోన్లో కారు పేరుని కూడా 'ఫర్గెట్' చేసేస్తే నిశ్చింత.

చెవులు మందగించిన పెద్దవాళ్ళున్న ఇళ్ళలో టీవీ గోల మీకు తెలిసిందే. వాళ్ళకి వినబడేలా పెడితే పరీక్షలకి చదివే పిల్లలకి తలనొప్పి. ఈమధ్య వచ్చే స్మార్ట్ టీవీల్లో చాలావాటికి బ్లూటూత్ ఉంటుంది. టీవీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫోనుకి చేసినట్టే హెడ్‌ఫోన్‌ని పరిచయం చెయ్యడమే. అయితే కలవగానే చాలా టీవీల్లో పెట్టెలోంచి వచ్చే మాట ఆగిపోతుంది, హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్ళకి ఒక్కరికే వినబడుతుంది. ఒక్కరే చూసే సీరియల్‌కి ఇది వరం, నలుగురూ కూచుని చూసే సినిమాకి కుదరదు. పాత టీవీ అయితే దాని హెడ్‌ఫోన్ రంధ్రంలో గుచ్చే 'ట్రాన్స్‌మిటర్' అని చిన్న డబ్బీ దొరుకుతుంది. దానికీ, హెడ్‌ఫోన్‌కీ రెండిటికీ తెర ఉండదు కాబట్టి పేరు చూసి ఎంచుకోవడం కుదరదు. ఇంట్లో ఫోన్లన్నిట్లో బ్లూటూత్ ఆపి, రెండిటినీ పక్కపక్కన పెట్టి, రెండిటి బటన్లూ నొక్కి పట్టుకుంటే ఒకదాన్నొకటి వెతుక్కుని కలుస్తాయి. పెదవులు ముందు కదిలి మాట కొంచెం వెనకగా వస్తే అది వైరు లేకపోవడం వల్ల వచ్చే ఆలస్యం. టీవీలో 'ఆడియో డిలే' అన్న సర్దుబాటుంటే కొంత సరిచెయ్యవచ్చు. హెడ్‌ఫోన్ ఉంది కదా అని పెద్దవాళ్ళ చెవుల్ని డాక్టరుకి చూపించకుండా ఊరుకోవడం మాత్రం నాకు నచ్చదు.

మనం కూడా జాగ్రత్తపడాలి. 80 డెసిబెల్స్ మోత అయితే వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మోత పెరిగే కొద్దీ ఆ గంటలు బాగా తగ్గిపోతాయి. ఫోన్లో ధ్వని గీత సగం దాటి కొంచెం పైకి, నూటికి అరవై దగ్గర ఆపితే మంచిది. వంటింట్లో ఉన్నప్పుడు ఒక చెవికే పెట్టుకోండి. కుక్కరు విజిల్సూ, వీధి తలుపు గంటా, చంటిపిల్ల ఏడుపూ రెండో చెవికి వినపడాలి కదా.

వంటింట్లోనే పాట తెగి తెగి వస్తోంటే మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతోందేమో చూడండి. బ్లూటూత్ పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద, ఓవెన్‌దీ దాదాపు అదే. ఓవెన్ ఆగితే పాట సర్దుకుంటుంది. ఫోన్ని ఫ్రిజ్ వెనకాల, ఇనప బీరువా పక్కన పెట్టినా ఇదే అవస్థ. చాలా హెడ్‌ఫోన్ల డబ్బాల మీద 10 మీటర్ల దూరం అని రాస్తారు గానీ అది అడ్డేమీ లేని చోట లెక్క. మధ్యలో రెండు గోడలొస్తే అంత ఆశించకూడదు. ఫోన్ కొంగున దోపుకునో, గట్టు మీద తడి తగలని మూలనో పెట్టుకుంటే హాయి.

మీ పాత హెడ్‌ఫోన్ పనమ్మాయి కూతురికో, మరదలికో ఇచ్చేటప్పుడు దాన్ని 'రీసెట్' చేసి, అన్ని పరిచయాలూ చెరిపి ఇవ్వండి. లేకపోతే ఆ పిల్ల మీ ఇంటికొచ్చినప్పుడల్లా అది మీ ఫోనుకే కలుస్తూ ఉంటుంది. ఇచ్చే ముందు, ఆ మాటకొస్తే మీరు వాడుకునేప్పుడు కూడా, చెవికానే జాలీని పొడిగుడ్డతో తుడవండి. తలకి కొబ్బరినూనె పెట్టుకున్న రోజు మనకి తెలియకుండానే ఆ సన్నని రంధ్రాల్లోకి జిడ్డు చేరుతుంది. మాట సన్నగిల్లిందని జత విడదీసి మళ్ళీ కలుపుతూ కూచుంటాం గానీ, అక్కడ అడ్డుపడింది నూనే.