ఎవరి పాపం?

మా సంఘంలో ఒక సహోదరి ఉంది. పన్నెండేళ్ల వయసులో ఆమె ఎడమ చెంప పలచబడటం మొదలైంది. కొవ్వు, కండ క్రమంగా కరిగిపోయి, కన్ను లోపలికి దిగిపోయింది. వైద్యులు దీనిని ప్యారీ-రాంబర్గ్ సిండ్రోమ్ అంటారు. ముఖంలో సాధారణంగా ఒక పక్కనే క్షీణింపజేసే అరుదైన వ్యాధి ఇది. 1825లో వెలువడిన ప్యారీ రచనల్లోనూ, 1846లో రాంబర్గ్ రచనలోనూ దీని వర్ణన ఉంది. కచ్చితమైన కారణం నేటికీ తెలియదు. అంటువ్యాధి కాదు. చాలామందిలో కొన్నేళ్లు ముదిరి దానంతటదే ఆగిపోతుంది. ఆగిన తర్వాత ఒంట్లో మరోచోటి కొవ్వు తీసి చెంపలో నింపే శస్త్రచికిత్సలున్నాయి.

అయితే వ్యాధికన్నా ఆమెను ఎక్కువ బాధపెట్టింది మనమే. 'తల్లిదండ్రులు ఏ పాపం చేశారో' అని గుసగుసలాడాం. ప్రతి కూడికలో ముందుకు పిలిచి స్వస్థత ప్రార్థన చేశాం. బాగుపడకపోతే విశ్వాసం చాలలేదన్నాం. ఒక క్రిస్మస్‌కు ఫొటో బాగా రావాలని క్వయర్‌లో ఆమెను వెనుక వరుసలోకి జరిపింది నేనే. ఆమె ఏమీ అనలేదు. రెండు నెలలపాటు పాడటానికి రాలేదు.

పుట్టుగుడ్డివానిని చూసి శిష్యులు అడిగిందీ ఇదే: తప్పు ఇతనిదా, కన్నవారిదా? (యోహాను 9వ అధ్యాయం). ప్రభువు ఆ రెండింటినీ కొట్టివేశాడు. మనం మాత్రం ఆ ప్రశ్నను ఇంకా వదల్లేదు.

లేయాను చూడండి. చెల్లెలి అందం పక్కన ఆమె కళ్ల లోపమే అందరికీ కనబడింది. భర్త కూడా ఆమెను రెండో స్థానంలోనే ఉంచాడు. దేవుడు ఆమె కళ్లను బాగుచేసినట్టు బైబిలులో ఎక్కడా లేదు. కానీ ఆమె కడుపున యూదాను పుట్టించాడు. ఆ వంశంలోనే దావీదు, ఆ వంశంలోనే మన రక్షకుడు వచ్చారు.

స్వస్థత ప్రార్థన వద్దని నేననను. అడిగి చేద్దాం అంటున్నాను. బర్తిమయి గుడ్డివాడని కళ్లెదుట కనబడుతున్నా, ఏం కావాలని యేసు అతణ్నే అడిగాడు. నేను చాలా ఆలస్యంగా అడిగాను. క్షమించమన్నాక, దేనికోసం ప్రార్థించమంటావమ్మా అన్నాను.

"బి.ఎడ్. సీటు కోసం అయ్యగారూ" అంది.

ప్రియులారా, మీ సంఘంలోనూ ఇటువంటివారు ఉండవచ్చు. ఈ ఆదివారం చూపు తిప్పుకోకండి, జాలిగా తల నిమరకండి. అందరికీ చెప్పినట్టే ముఖంలోకి చూసి వందనాలు చెప్పండి.