పెట్రోలు ఆవిరి లీకు మరమ్మతుకు దారి చూపండి

తెలంగాణ రవాణా కమిషనర్ గారికి,

మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు. పెట్రోలు కార్లున్న మాలాంటి వాళ్ల ఇబ్బంది ఒకటి మీ ముందు పెడుతున్నాను.

ట్యాంకులో లేచే ఆవిరిని బొగ్గు నింపిన క్యానిస్టర్ పట్టి ఉంచుతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఆ ఆవిరి లోపలికెళ్లి మండిపోతుంది. ట్యాంకు మూత రబ్బరు ఎండినా, గొట్టం పగిలినా, వాల్వ్ ఇరుక్కున్నా కారులో పెట్రోలు వాసన, కొన్ని బళ్లలో ఇంజిన్ లైటు. మూతా గొట్టమూ ఇంటి ముందే మార్చుకోవచ్చు, ఇంజిన్ చల్లారాక, నిప్పుకు దూరంగా. కానీ పాడైంది ఏదో తేల్చడమెలా? స్కానర్ కోడ్ చూపుతుంది, కారణం చెప్పదు. ఏ గొట్టం ఎటు పోతుందో చూపే పటం సామాన్యుడి చేతికి రాదు. అప్పుడు గొట్టం పీకి బిరడా బిగించడమే సులువనిపిస్తుంది. అలా బయటికొచ్చే ఆవిరిలో క్యాన్సర్ కారకమైన బెంజీన్ ఉంది. మే నెల ఎండలో దానికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. మీ పొల్యూషన్ పరీక్ష సైలెన్సర్ పొగనే కొలుస్తుంది కాబట్టి ఆ కారుకూ సర్టిఫికెట్ వస్తుంది. ఇది సరి కాదు.

కేంద్రం 2022లో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. ప్రతి పెట్రోలు మోడల్‌కూ గొట్టాల పటం, కోడ్‌ల అర్థం, పరీక్షించే వరుస తెలుగులో అందులో పెట్టించమని కేంద్రానికి మీరు రాయండి. పొల్యూషన్ కేంద్రాల్లో మూత, గొట్టాలు కంటితో చూసి తీరాలని ఆదేశించండి. నాజిల్ ఆగాక ఇంకా పోయించుకుంటే క్యానిస్టర్ తడిసి పాడవుతుందని ప్రతి బంకులో బోర్డు పెట్టించండి. మీ జవాబు కోసం చూస్తుంటాం.

ఇట్లు,
గూడూరు కారు యజమాని