పరీక్షలో మన పేరు కూడా ఉండాలి

వెంకటసుబ్బమ్మ అన్నది మన ఇళ్లలో అమ్మమ్మలకు, నాయనమ్మలకు సర్వసాధారణమైన పేరు. పలికేవారికి అందులో ఉన్నవి 6 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అవి 13 సంకేతాలు. యుటిఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే ఒక్కొక్క సంకేతానికి 3 బైట్ల చొప్పున 39 బైట్లు. ఆంగ్లాన్ని మాత్రమే దృష్టిలో ఉంచుకొని, పేరుకు 30 బైట్లు చాలునని ఒక ప్రోగ్రామర్ హద్దు గీశాడనుకుందాం. 10వ సంకేతం దగ్గర పేరు తెగిపోతుంది. మిగిలేది 'వెంకటసుబ్బ'. కాగితం మీద మనిషే మారిపోతుంది.

ఇది సాంకేతిక నిపుణులు చూసుకోవలసిన చిన్న విషయమని కొందరు అనవచ్చు. న్యాయవాద వృత్తిలో ఉన్నవాడిగా నేను అంగీకరించలేను. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే ఇద్దరూ ఒకరేనని ప్రమాణపత్రం దాఖలు చేయవలసి వస్తుంది. వారసత్వం, భూమి, పింఛను వంటి వ్యవహారాలు అంతవరకు నిలిచిపోతాయి. సరిహద్దు జిల్లాల కుటుంబాలకు ఈ బాధ మరింత ఎక్కువ. తాతగారి దస్తావేజు తెలుగులో, తండ్రిగారి పత్రం రాష్ట్ర భాషలో, పిల్లల పత్రాలు ఆంగ్లంలో ఉన్న ఇళ్లు మనవి.

ఇటువంటి లోపాన్ని ప్రజల చేతికి రాకముందే పట్టుకొనే పద్ధతి సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉంది. దానినే యూనిట్ టెస్టింగ్ అంటారు. ప్రోగ్రామును చిన్న చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగానికి ఫలానాది ఇస్తే ఫలానాది రావాలని ముందుగానే వ్రాసి పెడతారు. ఆ పరీక్షలన్నింటినీ ఒక్క ఆదేశంతో నడిపి, ఏది నెగ్గింది, ఏది తప్పింది అని చెప్పే సాధనమే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్. జావా భాషకు జేయూనిట్, పైథాన్‌కు పైటెస్ట్ ప్రసిద్ధమైనవి. జేయూనిట్‌ను 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు జ్యూరిక్ నుండి అట్లాంటాకు విమానంలో ప్రయాణిస్తూ మొదలుపెట్టారు. ప్రోగ్రామును మార్చిన ప్రతిసారీ పాత పరీక్షలన్నీ తిరిగి నడుస్తాయి. కనుక నిన్న సరిచేసిన తప్పు రేపు మళ్లీ తలెత్తితే వెంటనే బయటపడుతుంది.

అయితే ఇక్కడే మనవారు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. న్యాయస్థానంలో సాక్షి తనను అడిగిన ప్రశ్నకే సమాధానం చెబుతాడు. యూనిట్ టెస్టు కూడా అంతే. 'రమేష్' అన్న పేరును ఆంగ్ల లిపిలో మాత్రమే ఇచ్చి పరీక్షిస్తే అన్ని పరీక్షలూ నెగ్గినట్లు ఆకుపచ్చ గుర్తు వస్తుంది. తెలుగు పేరు సంగతి ఆ గుర్తుకు తెలియదు, ఎవరూ దానిని అడగలేదు కనుక. పరీక్షలు తప్పు ఉన్నదని చూపగలవే గాని తప్పే లేదని నిరూపించలేవని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఏనాడో హెచ్చరించాడు.

తెలుగుకు సంబంధించి అడగవలసిన ప్రశ్నలు కొన్ని చూద్దాం. శ్రీనివాస్ అన్న పేరుకు పొడి అక్షరం ఏది? మనకు 'శ్రీ'. మొదటి సంకేతాన్ని మాత్రమే తీసుకొనే ప్రోగ్రాముకు 'శ'. తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకే ముక్కగా చూడాలన్న నియమం యూనికోడ్‌లో 2023 నాటి 15.1 కూర్పుతో గాని చేరలేదు. అంతకుముందరి సాధనాలను వాడే ప్రోగ్రాములు ఇక్కడ తప్పగలవు. ఇక వైదేహి అన్న పేరులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగాను, రెండు సంకేతాలు కలిపియు వ్రాయవచ్చును. కంటికి రెండూ ఒకటే. సమానరూపంలోకి మార్చకుండా పోల్చే ప్రోగ్రాముకు అవి ఇద్దరు వేర్వేరు మనుషులు. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క పరీక్ష వ్రాయడానికి నాలుగైదు వరుసలు చాలు.

ఈ నిర్లక్ష్యం ఎంత దూరం వెళ్లగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. 'జ్ఞా' అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక విభజన సంకేతంతో కూడిన రూపంలో అందుకున్న ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలయ్యాక గాని అది సర్దుకోలేదు. ఆ రోజుల్లో చాలామంది దానిని తెలుగు అక్షరం తెచ్చిన ముప్పుగా చెప్పుకున్నారు. తప్పు అక్షరానిది కాదు, ఆ అక్షరాన్ని సరిగా సంబాళించలేకపోయిన ప్రోగ్రాముది.

పరీక్షలు వ్రాయడానికి సమయం, ధనం ఖర్చవుతాయన్న అభ్యంతరం ఉంది. నిజమే. తెరపై అక్షరం అందంగా కనబడిందా లేదా అన్నది ఇటువంటి పరీక్షలతో పూర్తిగా తేలదు, కంటితో చూడవలసిందే. అయినా ప్రోగ్రామర్ మిగుల్చుకున్న పూట సమయానికి మూల్యాన్ని చెల్లించేది కార్యాలయాల చుట్టూ తిరిగే వృద్ధులే. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మన కష్టాన్ని విన్నవించుకోవచ్చు. నేడు ఆ విన్నపం కంప్యూటర్ గుండా వెళుతున్నది. అక్కడ పేరే తెగిపోతే ఆ హక్కుకు అర్థమేముంటుంది?

కనుక బెంగళూరులో, చెన్నైలో, పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలకు నా మనవి. మీరు వ్రాసే పరీక్షలలో మీ నాయనమ్మగారి పేరును తెలుగు లిపిలో చేర్చండి. రావలసిన సమాధానం ఏదో తెలుగు తెలిసినవారే చెప్పగలరు, ఆ పని మరొకరు చేసిపెట్టరు. ప్రభుత్వ కార్యాలయాలు కొత్త సాఫ్ట్‌వేర్‌ను స్వీకరించే ముందు, ఆ ప్రాంతంలోని అల్పసంఖ్యాక భాషల పేర్లతో పరీక్షలు జరిగినట్లు ఆధారం చూపాలన్న షరతును ఒప్పందంలోనే పెట్టవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది.

కంప్యూటర్ తెలియని పెద్దలు కూడా ఇందులో పాలుపంచుకోగలరు. పత్రంలో పేరు తప్పుగా వస్తే 'తప్పు పడింది' అని మాత్రమే వ్రాసి ఊరుకోకండి. ఇచ్చినది ఇది, రావలసినది ఇది, వచ్చినది ఇది అని మూడు వరుసలుగా వ్రాసి, నకలు జతపరచి, రసీదు తీసుకోండి. యూనిట్ టెస్టులో ఉండేవి కూడా ఆ మూడు వరుసలే. అటువంటి అర్జీని చూసిన ప్రోగ్రామర్ దానిని ఉన్నదున్నట్లుగా పరీక్షగా మార్చుకోగలడు. అప్పుడు మీ పేరుతో పాటు మీ తరువాత వచ్చేవారి పేరు కూడా నిలుస్తుంది.