అలుగు లేని ఆట

నాలుగు వైపులా అంచు లేని చదునైన నేల. దాని మీదకి మట్టి దిబ్బలు, నీటి బుడగలు, బాంబులు ఒకదాని వెంట ఒకటి పడుతుంటాయి. దిబ్బలను కలిపి గట్టు కట్టాలి, అందులో నీరు నిలపాలి. అంచు దాటి జారిన నీరంతా పక్కనున్న గేజిలోకి చేరుతుంది. అది నిండిందా, ఆట సరి. బ్రిటన్‌లోని జెడ్ టూ సంస్థ 1998లో నింటెండో 64 కోసం తయారుచేసిన 'వెట్రిక్స్' ఇది. తర్వాత గేమ్ బాయ్ కలర్ రూపంలో జేబులోకీ వచ్చింది.

దీని అసలు కిటుకు ఆశలో ఉంది. నిప్పు ఉండ వేసి సరస్సును ఆవిరి చేస్తే పాయింట్లు వస్తాయి. సరస్సు ఎంత లోతుంటే అంత ఎక్కువ. లోతైన నీళ్లలో రబ్బరు బాతు కూడా తేలుతుంది. అందుకని ఆడేవాడు ఇంకాస్త, ఇంకాస్త అని నింపుకుంటూ పోతాడు. అంతలో ఒక బాంబు గట్టుకు చిల్లు పెడుతుంది. పోనీ మట్టి మీద మట్టి పోద్దామంటే భూకంపం వస్తుంది!

మన ఊరి చెరువు కట్టినవాళ్లు ఈ ఆట చూస్తే ఒకటే అడుగుతారు: అలుగు ఏది? తెలంగాణలో మత్తడి అంటారు. నీరు ఎక్కడ నిలవాలో చూసినంత జాగ్రత్తగా, ఎక్కువైతే ఎటు పోవాలో కూడా చూసే కట్ట వేసేవారు.

పెద్ద డ్యామ్‌కు గేట్లుంటాయి. అయితే వాటిని ఎప్పుడు ఎత్తాలన్న నిర్ణయం మనిషిది. గుజరాత్‌లో తాపీ నది మీద 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయం పూర్తి మట్టం 345 అడుగులు. సాగునీటికి, కరెంటుకు అది నిండుగా ఉండాలి. దిగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని సూరత్ క్షేమానికి కొంత ఖాళీగా ఉండాలి. 2006 ఆగస్టులో ఎగువన వానలు ముంచెత్తాయి. ఉకాయ్ నుంచి వదిలిన నీరు ఒక దశలో సుమారు 9 లక్షల క్యూసెక్కులకు చేరింది, సూరత్‌లో చాలా భాగం మునిగిపోయింది. ముందే నీరు వదిలి చోటు చేసుకోలేదని విమర్శకులు, వరద అంచనాకు అందలేదని అధికారులు. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ నుంచి వలస వెళ్లి అక్కడ మరమగ్గాలు నడుపుతున్న తెలుగువాళ్లు ఎందరో. కాబట్టి అది మనకు పరాయి ఊరి గొడవ కాదు.

నిండుగా ఉంచమనేవారి వాదనా తీసిపారేసేది కాదు. అది తెలియాలంటే బార్డోలీ చూడాలి. పన్ను పెంపు మీద 1928లో రైతులు సత్యాగ్రహం చేసి, వల్లభ్‌భాయ్ పటేల్‌ను 'సర్దార్'ను చేసిన ఊరు. అప్పటి పత్తి నేలల్లో ఇప్పుడు చెరకు ఊగుతోందంటే ఉకాయ్-కాక్రాపార్ కాలువల పుణ్యమే. పేరున్న సహకార చక్కెర ఫ్యాక్టరీ కూడా ఆ నీటి మీదే నిలిచింది. ఏప్రిల్, మే నెలల్లో చెరకు దాహం తీర్చేది ఆగస్టులో పట్టి ఉంచిన నీరే. డ్యామ్‌లో ఖాళీ ఉంచమనడం సూరత్ నుంచి తేలిక, బార్డోలీ నుంచి కాదు.

అయితే బార్డోలీకి మరో చిక్కుంది. నల్లరేగడి నీటిని త్వరగా వదలదు. చెరకు చేలకు ఏళ్ల తరబడి కాలువ నీరు పెట్టడంతో ఈ ఆయకట్టులో చాలాచోట్ల భూగర్భ జలం పైకెక్కింది, కొన్ని పొలాలు చౌడుబారాయి. వెట్రిక్స్‌లో బయటికి పోయే నీరే శత్రువు. ఇక్కడ పంటను కాపాడేది ఆ నీరు పోయే దారే. మన డెల్టా రైతును అడిగితే చెబుతాడు, పంట కాలువకు శంకుస్థాపన చేయడానికి మంత్రులు వస్తారు, మురుగు కాలువలో పూడిక తీయించమంటే కాంట్రాక్టరు కూడా రాడని.